జనగామ దాటని బండి

"నలభై నిమిషాలమ్మా, కాసేపు కళ్ళు మూసుకుంటే బేగంపేట వచ్చేస్తుంది" అని పక్క సీటు పెద్దమనిషి చెప్పిన ధైర్యం ఇంకా చెవిలో ఉండగానే, విమానం లేచి, మామునూరు నేల కాళ్ళ కింది నుంచి జారిపోయింది. సారలమ్మ చేతులు రెండూ ఒడి మీదికి వచ్చాయి. కుర్చీ పట్టీని ఒడి మీదుగా బిగించాలా, ఒడి కిందుగానా అన్నది ఎక్కినప్పటి నుంచీ తేలని సంగతి. చివరికి కిందుగానే పెట్టుకుంది. కొత్త చీర చెంగు నడుము చుట్టూ తిప్పి కట్టిన ఆ ఒడిలో పసుపు కలిపిన బియ్యం, రెండు ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, మడత విప్పని రవికె గుడ్డ. ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు బేసి ఏడాది చూసి పోసే ఒడిబియ్యం. ఆమె పెళ్ళికిది పదకొండో ఏడు. పొద్దున అన్న రాజమల్లు పీట ముందు వంగి దోసిలితో పోస్తున్నాడు, వదినె కట్టమ్మ పక్కన కుంకుమ భరిణ పట్టుకుని నిలబడింది; అప్పుడే ఎదురు దుకాణం మనిషి చెప్పులతోనే లోపలికి వచ్చాడు. హైదరాబాదు నుంచి ట్రంకాల్. ఆమె భర్త యాకయ్యకు గుండెనొప్పి, లాలాగూడ రైల్వే దవాఖానలో చేర్చారు, వెంటనే రమ్మన్నారు. అంతవరకే వినబడిందట, లైను తెగిపోయిందట. అన్న దోసిలి గాలిలోనే ఆగింది. ఆగిన దోసిలి మళ్ళీ వంగి, ఉన్నదంతా ఆమె ఒడిలో పోసింది. ఒడిబియ్యం ముత్తయిదువకే పోస్తారు. ఆ చివరి దోసిలి పడుతున్నప్పుడు తాను ముత్తయిదువేనా అన్న ప్రశ్న ఆ గదిలో అందరికీ ఒకేసారి వచ్చింది. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

కిటికీ బయట మామునూరు చెరువు ఒక్కసారి వాలి, మళ్ళీ సరిగా నిలబడింది. ఇక్కడికి ఎవరూ వచ్చి ఏమీ చెప్పలేరు. ఈ ఆలోచన ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో గాని, వచ్చి ఎదురుగా కూర్చుంది. దవాఖానలో జరగవలసింది ఏదైనా ఈ పాటికే జరిగిపోయి ఉండవచ్చు. అయినా అది తనకు జరగడానికి ఇంకా నలభై నిమిషాలుంది. అంతవరకు తాను పొద్దున పీట మీద కూర్చున్న మనిషే. బస్సులో అయితే ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు ఎక్కుతారు. రైలులో ప్రతి స్టేషనులోనూ ఒక టెలిగ్రాఫు తీగె ఉంటుంది. ఇక్కడ తీగె లేదు, ఊరు లేదు. రెండు చోట్ల మధ్య ఉండే దూరం ఏ చోటుకూ చెందదు కాబోలు. అందుకే కాబోలు ఇంత తెల్లగా ఉంది బయట. ఈ విమానం ఇట్లాగే తిరుగుతూ ఉంటే, దిగకుండా ఉంటే, అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే భయమేసింది. త్వరగా చేరాలనే కదా రాజమల్లు తన గల్లాపెట్టె ఖాళీ చేసి ఈ సీటు ఇప్పించింది. మిల్లు వాళ్ళ గుమాస్తా ఒకరు ప్రయాణం మానుకుంటే ఖాళీ అయిన ఒక్క సీటు ఇది; తన పిల్లవాడు పుట్టింట్లోనే ఉండిపోయాడు. చేరాలి. చేరకూడదు. రెండు కోరికలూ ఒకే ఒడిలో పక్కపక్కనే, కుడుకల్లాగా.

మామునూరుకు వచ్చే జీపులో వదినెది దారి పొడుగునా ఒకటే మాట. "ముందుగాల ఇంటికి పో సారలమ్మా. మౌలాలి క్వార్టర్ల దేవుని కాడ ఒడి దించు, దీపం వెట్టు. అటెన్క దవాఖానకు పో. ఒడితోని దవాఖాన గడప తొక్కొద్దు. జర నా మాట ఇను. ఒడిల కన్నీళ్ళు వడనియ్యకు." కట్టమ్మ చెడ్డ మనిషి కాదు. అమ్మ పోయిన తర్వాత అమ్మ చేసే పనులన్నీ ఒక్కటీ వదలకుండా ఎత్తుకున్న మనిషి. ఆమె గొంతులో ఆజ్ఞ లేదు, బతిమాలడమే ఉంది. బేగంపేట నుంచి మౌలాలికి పోవాలంటే లాలాగూడ మీదుగానే పోవాలి. అంటే దవాఖాన గేటు ముందు నుంచే, తల తిప్పుకుని, ఇంటికి పోయి, తాళం తీసి, దీపం పెట్టి, మళ్ళీ వెనక్కి రావాలి. ఆకాశంలో మిగుల్చుకున్న సమయమంతా ఆ గేటు ముందు ఖర్చయిపోతుంది. పోకపోతే? ఒడితో గడప తొక్కిన తర్వాత ఏదైనా జరిగితే, కట్టమ్మ ఒక్క మాటా అనదు. అననిది జీవితమంతా వినబడుతుంది.

కిటికీలోంచి కిందికి చూసింది. కాజీపేట. ఆ పట్టాల అల్లికను ఆమె ఇంకెక్కడా చూడలేదు. పెళ్ళయిన కొత్తలో యాకయ్య ఆ యార్డులో గార్డు. ఎర్ర జెండా, పచ్చ జెండా, చేతి లాంతరు, ఇనుప పెట్టె. ఆ పెట్టె మీద తెల్లరంగుతో రాసిన పేరు. పెళ్ళి తర్వాత నాలుగు నెలలకే సికింద్రాబాదుకు బదిలీ. డెబ్భై ఒకటి, వానాకాలం. మొదటిసారి పుట్టింటి నుంచి పాసింజరు ఎక్కినప్పుడు, అమ్మ ప్లాట్‌ఫాం మీద చిన్నదై, చిన్నదై, స్తంభం చాటుకు పోయినప్పుడు, తాను కిటికీ ఊచకు నుదురు ఆనించి ఏడవడం మొదలుపెట్టింది. పిండియాల్ పోయింది, ఘనపురం పోయింది. ఎదుటి బల్ల మీది ముసలమ్మ జాలిపడి వక్కపొడి ఇవ్వబోయింది. యాకయ్య జేబుగడియారం తీసి చూసి, మూతపెట్టి, ఏదో డ్యూటీ విషయం చెబుతున్నట్టు చెప్పాడు.

"ఇగో, ఏడుపుకు గూడ ఒక టైంటేబుల్ ఉండాలె. జనగామ దాక ఏడువు, నేనేమన. ఆలేరుల బందు వెట్టు. భువనగిరిల నల్ల కాడ ముఖం కడుక్కో, ఆ సర్వపిండి ఏదో ఉన్నది గద, అది తిందాం. ఘట్‌కేసర్ రాంగనే నెత్తి మీద కొంగు గప్పుకో. మౌలాలిల మా అమ్మ నిలవడి ఉంటది."

"జనగామ వచ్చినంక గూడ ఆగకపోతే?"

"ఆగకపోతే బండి లేటు. గార్డును నేనున్న. జెండ ఊపనియ్య."

నవ్వొచ్చింది. ముక్కు చీదుకుంటూ, నవ్వుతూ, మళ్ళీ ఏడుస్తూ జనగామ దాకా వచ్చింది. వక్కపొడి ముసలమ్మ కూడా నవ్వింది. ఆ రోజు నుంచి ఆ దారి అంతా తన శరీరంలో ఒక క్రమమైపోయింది. జనగామ దాకా కూతురు. ఆలేరులో ఎవరూ కాదు, ఊరికే ఒక మనిషి; ఆ కాసేపు కిటికీలోంచి గుట్టలనూ జొన్న చేలనూ ఎవరి కళ్ళతోనో చూసేది. భువనగిరి బండరాయి కనబడేసరికి ఆకలి వేసేది. ఘట్‌కేసర్‌లో కోడలు. తర్వాతి ఏళ్ళలో ఒంటరిగా వచ్చినా, చంకలో పిల్లవాడితో వచ్చినా, అమ్మ దినాలు అయిపోయి వచ్చినప్పుడూ అదే. అమ్మ పోయిన ఆ ఏడాది ఆలేరులో ఆగలేదు కన్నీళ్ళు. ఆ రోజు అదే బండికి యాకయ్యే గార్డు. ఆలేరులో దిగి, చివరి పెట్టె దగ్గర నుంచి ఆడవాళ్ళ డబ్బా దాకా నడిచి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, ఆమె ముఖం చూసి వెనక్కి పోయాడు. బండి కదలడానికి మామూలు కంటే ఎక్కువ సేపు పట్టింది. సిగ్నల్ రాలేదేమో. సిగ్నల్ వచ్చిందో రాలేదో ఆమె ఎన్నడూ అడగలేదు. "కిలోమీటర్లు సర్కారు లెక్క. మనిషికి స్టేషన్లే లెక్క" అనేవాడు, గోరింటాకు పెట్టుకుని అన్నం తినలేని ఆమెకు ముద్దలు కలిపి పెడుతూ. అప్పుడది హాస్యం. ఇప్పుడు, ఒక్క స్టేషను కూడా లేని ఈ తెల్లటి దారిలో, ఎక్కడ ఏడవాలో తెలియక కళ్ళు పొడిగా మండుతున్నప్పుడు, అది హాస్యం కాదు. ఇంత త్వరగా కూతురుగా ఉండటం మానుకోవడం ఎవరికి సాధ్యం? పుట్టిల్లు ఇంకా వేళ్ళకు పసుపుగా అంటుకునే ఉంది, అప్పుడే పక్కాయన "సగం వచ్చేశాం" అంటున్నాడు. సగం అంటే ఏ ఊరు?

ఒడి బరువుగా ఉంది. ఎంత బరువో ఎవరికీ తెలియదు. మామునూరు షెడ్డులో జరిగిన ఆ తగవు ఇప్పుడు గుర్తొచ్చి పెదవి చివర కదిలింది. చిన్న విమానం కాబట్టి సామానునే కాదు, మనుషులనూ తూచి ఎక్కిస్తారట. గోడ పక్కన అచ్చం అన్న దుకాణంలో ఉన్నట్టే ఒక కాంటా. తెల్ల చొక్కా ఉద్యోగి ఆమె ఒడి వైపు చూసి, ఆ మూట విప్పి విడిగా పెట్టమన్నాడు.

"మూట గాదు సార్ అది, ఒడి" అన్నాడు రాజమల్లు.

"ఒడైనా మూటైనా బరువు బరువే కదండీ."

"బరువుంటది సార్, నేనెందుకు లేదంట? గని ఒడిబియ్యం తూకం వెయ్యరు. నాది బియ్యం దుకాణమే. మార్కెట్ల ఇరవై ఏండ్లసంది తూచుడే నా పని. ఈగ వాలినా నా కాంటా చెప్తది. ఇది మాత్రం తూచ."

"మరి ఎంత పోశారో మీకెలా తెలుస్తుంది?"

"తెల్వదనే గద సార్ పోసేది."

ఆ మాటకు ఆ ఉద్యోగి కలం ఆగింది. ఒక క్షణం అన్నను చూశాడు, ఆమె చేతి గాజులను చూశాడు, ఆమె ఎందుకు పోతోందో రాజమల్లు ముందే చెప్పి ఉన్నాడు కాబట్టి గొంతు తగ్గించి, "సరే, ఆమెనే ఒడితో పాటు ఎక్కమనండి. కలిపి ఒకటే రాసుకుంటాను" అన్నాడు. ఎక్కింది. ముల్లు వణికి, అటూ ఇటూ ఊగి, నిలబడింది. అందులో తానెంత, పుట్టిల్లెంత అన్నది ఆ ముల్లుకు కూడా తెలియదు. దిగుతుండగా కట్టమ్మ గుండె మీద చేయి వేసుకుంది: "అయ్యో, అయిదు పిడికిళ్ళు!" ఒడిబియ్యం పోయించుకున్న ఆడబిడ్డ, పుట్టిల్లు వట్టిపోకుండా తన ఒడిలోంచి అయిదు పిడికిళ్ళు తిరిగి ఇచ్చి గడప దాటాలి. గాబరాలో అందరూ మరిచిపోయారు. అన్న భుజం మీది తువ్వాల తీసి, ఆ షెడ్డు గుమ్మంలో, పెట్రోలు వాసనలో, రెండు చేతులా చాచి పట్టాడు. సారలమ్మ ఒక్కో పిడికిలీ తీసి పోసింది. వెనక నుంచి ఉద్యోగి గొంతు, "ఏవండీ, బరువు తగ్గింది, మళ్ళీ ఎక్కుతారా?" అంది. "తగ్గలే సార్," అన్నాడు రాజమల్లు, తల ఎత్తకుండానే. "గంతే ఉంటది. రాసింది ఉండనియ్యి."

మేఘం విడిపోయింది. కింద, బూడిద రంగు నేల మీద, ఎవరో గోటితో గీసినట్టు రైలు పట్టా. ఆమె ఒడిని అదిమి పట్టుకుని కిటికీకి ముఖం ఆనించింది. పట్టా మీద, ఒక చిన్న స్టేషనులో, ఆగి ఉన్న బండి. రఘునాథపల్లి అయి ఉంటుంది. అక్కడ పాసింజరును పక్క పట్టాకు తోసి ఎక్స్‌ప్రెస్‌ను పోనిస్తారని యాకయ్య ఎన్నోసార్లు విసుక్కున్నాడు. అది మధ్యాహ్నం పాసింజరే. ట్రంకాల్ రాగానే ఇంట్లో అందరూ అనుకున్నది ఆ బండి గురించే. తాను ఎక్కవలసిన బండి. ఎక్కి ఉంటే ఇప్పుడు అందులో, ఆడవాళ్ళ డబ్బాలో, కిటికీ ఊచకు నుదురు ఆనించి ఉండేది. ఉంది కూడా. స్పష్టంగా కనిపించింది ఆమెకు: ఈ చీరతోనే, ఈ ఒడితోనే, అక్కడ ఒక సారలమ్మ కూర్చుని హాయిగా, ఎవరి అడ్డూ లేకుండా ఏడుస్తోంది. ఆ బండి మీదుగా ఈ విమానం నీడ ఎక్కడో పాకిపోయి ఉంటుంది. నీడ పడగానే ఆ సారలమ్మ తల ఎత్తి చూసిందా? చూసి ఉంటే, పైన పోతున్నది ఎవరని అనుకుంది? ముందు చేరేది నిజమైన మనిషా, వెనక వచ్చేది నిజమైన మనిషా? బండి వెనక్కి, వెనక్కి జరిగి, మెడ నొప్పి పుట్టేదాకా చూసినా, ఇక కనబడలేదు. జనగామ వచ్చి ఉండాలి. వచ్చి, పోయి కూడా ఉండాలి. ఏ ఊరిని ఏ ఊరని గుర్తుపట్టడానికీ పైనుంచి బోర్డులు లేవు. భువనగిరి కొండను మాత్రం గుర్తుపట్టింది. అంత పెద్ద బండరాయి అరచేతిలో పెట్టుకోవచ్చేమో అన్నంత అయింది. ఆకలి వేయలేదు.

చక్రాలు నేలను తాకినప్పుడు ఒడిలో బియ్యం ఒక్కసారి గలగలమంది. సారలమ్మ కళ్ళు మూసుకుంది. ఇప్పటిదాకా ఎవరిదీ కాని దూరం అయిపోయింది. మెట్లు దిగింది. ఎండ. గుంపు అవతల మరిది మొగిలి. పొద్దున అన్న మళ్ళీ ట్రంకాల్ కలిపి, విమానానికి ఎదురు పొమ్మని చెప్పి ఉన్నాడు. అతని చేతులు ఖాళీగా ఉన్నాయి, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నాడు. ఆమె ముఖం చూడలేదు, చెప్పులే చూసింది. అడగలేదు. అతను కంచె ఇవతలికి వచ్చి, వంగి, ఆమెకు వినబడేట్టు ఒక్క మాట అన్నాడు.

"ఉన్నడు, వదినె."

ఆటో ఎక్కిన తర్వాత మిగతాది చెప్పాడు. తెల్లవారుజామున నొప్పి బాగా వచ్చిందట. ఇప్పుడు జర తగ్గిందట. రేపటిదాకా ఏమీ చెప్పలేనన్నాడట డాక్టరు. "మాటికొకసారి గడియారం దిక్కు చూస్తాండు వదినె. నువ్వు ఏ బండికి వస్తానవని అడిగిండు. అప్పటికి నాకు ఇమానం సంగతి తెల్వది, పాసింజరుకన్న. 'అయితే అది వచ్చేదాక నాకేం గాదు తియ్యి' అని పండుకున్నడు. మల్ల లేపి చెప్పబుద్ధి గాలే." ఆమె తల ఆడించింది. అంటే అతను ఆ బండికి తనను తాను కట్టేసుకున్నాడు. ఆ బండి ఇంకా ఆలేరైనా చేరలేదు. అంటే ఇంటికి పోయి, దీపం పెట్టి, ఒడి దించి రావడానికి కావలసినంత వేళ ఉంది. విమానం మిగిల్చిన సమయం సరిగ్గా కట్టమ్మ మాట నిలబెట్టడానికి సరిపోయేంత ఉంది. ఏ తప్పూ లేకుండా, ఎవరూ ఏమీ అననక్కర లేకుండా. ఆటో సికింద్రాబాదు దాటింది. దేవుడి ముందు పీట, పీట మీద బియ్యం, తాళం తీసిన ఖాళీ ఇల్లు. లాలాగూడ వచ్చింది. ఎడమ వైపు ఎర్ర ఇటుకల గోడ, వేపచెట్లు, గేటు. ఆ ఇల్లు ఏం చేస్తుంది ఈ బియ్యాన్ని? ఎవరికి వండాలి? ఎంత పోశావని అడిగితే తెల్వదనే గద పోసేది అన్నాడు అన్న. తెలిసి చేసేది తూకం. ఏమవుతుందో తెలియకుండా చేయగలిగినదే ఇవ్వడం. గేటు దాటిపోతోంది.

"ఆపు మొగిలి. ఇక్కడ్నే ఆపు."

"వదినె, ఒడితోనా? కట్టమ్మక్క నాకు గూడ మరీ మరీ చెప్పింది ఫోన్ల, ముందుగాల ఇంటికే తీస్కపో అని."

"ఆమెకు నేను చెప్పుకుంట. నువ్వు ఫికరు చెయ్యకు."

గడప ఎత్తుగా ఉంది. కుడి కాలు ముందు పెట్టింది. కొత్త కోడలు పెట్టినట్టే. పొడుగాటి వార్డు, ఫినాయిలు వాసన, చివరి మంచం. నర్సు ఏదో అనబోయి, ఒడిని చూసి, పక్కకు జరిగి స్టూలు ముందుకు తోసింది. యాకయ్య నిద్రపోతున్నాడు. గడ్డం పెరిగింది. యూనిఫాం లేని అతను ఎంత సన్నటి మనిషో ఆమెకు ఇన్నాళ్ళూ తెలియనే లేదు. స్టూలు మీద కూర్చుంది. ఇద్దరి మధ్యా ఒడి. గోడ మీద గడియారం నడుస్తోంది. రఘునాథపల్లిలో ఎక్స్‌ప్రెస్ వెళ్ళిపోయి ఉంటుంది. గార్డెవరో జెండా ఊపి ఉంటాడు. ఆమె అతని చేయి తీసుకుని, లేపకుండా, మెల్లగా, పసుపు బియ్యంలో పెట్టింది. వేళ్ళు కాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత, నిద్రలోనే, పిడికిలి మూసుకుంది. గింజలు వేళ్ళ సందుల్లోంచి జారాయి. అతను కళ్ళు తెరిచాడు. ఆమెను చూశాడు. గడియారం చూశాడు. మళ్ళీ ఆమెను చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి; పదకొండేళ్ళుగా ఆమెకు తెలిసిన ముడి, బండి టైముకు ముందే వచ్చినప్పుడు పడేది.

"నువ్వు ఇంక తొవ్వలనే ఉండాలె గద," అన్నాడు, గాలిలాంటి గొంతుతో. "ఏ బండికొచ్చినవే?"

చెప్పబోయింది. మామునూరు, కాంటా, అన్న తువ్వాల, తెల్లటి శూన్యం, కింద ఆగి ఉన్న బండిలో ఏడుస్తున్న ఇంకొక తాను. గొంతు దాకా వచ్చినవన్నీ అక్కడే ఒకటై, మాట కాకుండా నీళ్ళయ్యాయి. ఒక చుక్క అతని మణికట్టు మీద పడింది, ఇంకొకటి బియ్యంలో. కట్టమ్మ వద్దన్నదే. ఆపడానికి కొంగు అందలేదు, కొంగంతా ఒడే. అతను పిడికిలి విప్పలేదు. మెల్లగా తల తిప్పి మరోసారి గడియారం కేసి చూసి, లోపల ఏదో లెక్క వేసుకున్నాడు.

"పాసింజరు ఇంక జనగామ దాటలే," అన్నాడు. "ఏడువు. టైమున్నది."